ఒకే చింతపండు, మూడు దరఖాస్తులు

మదనపల్లె ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళందరికీ చింతపండు కోసమని చెప్పాను. నరసాపురంలో చింతపండుకి కరువొచ్చిందా అని మా ఆడపడుచు పడీపడీ నవ్వింది. కరువేం రాలేదు తల్లీ, కిరాణా కొట్టు నిండా ఉంది. నేను వెళ్ళింది కొనడానికి కాదు, ఆగిపోయిన చింతపండుని కదిలించడానికి. అది ఎలా ఆగిందో, ఎలా కదిలిందో తిరిగొచ్చాక కూడా నాకు సాంతం బోధపడలేదు. బోధపడినంత మేరకి చెబుతాను, మిగతాది మీరే సర్దుకోండి.

మాది లేసు అల్లే ఊరు. నేను కొంతమంది ఆడవాళ్ళతో అల్లించి పై దేశాలకి పంపుతుంటాను. తిరుపతిలో మహిళా సంఘాల ప్రదర్శన పెట్టినప్పుడు నా పక్క స్టాలు పుంగనూరు రత్నమ్మది. గింజా నారా తీసిన చింతపండు అమ్ముకోడానికి వచ్చింది. ప్రదర్శన ముగిసేసరికి మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం అయిపోయాం. ఆ రత్నమ్మ ఈ వేసవి మొదట్లో ఫోను చేసింది, ఏడుపొక్కటే తక్కువ. ఇంకో ఇద్దరితో పొత్తు కలిసి మలేషియాకి మొదటిసారి సరుకు పంపబోతోందట. కంప్యూటర్లో అనుమతికి దరఖాస్తు పెట్టారు, అది ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలీదు. ఈ వారంలో లారీ చెన్నై రేవుకి చేరకపోతే ఓడ దాటిపోతుంది, ఆ కొనేవాడు ఇంకొకరి దగ్గర కొనేసుకుంటాడు.

"సరుకు పోకుంటే షెడ్డు మూసేయాల్సిందే అక్కా. మా ఆడోళ్లంతా బెంగుళూరికి బిల్డింగు పనులకి పోతామని మూటలు గడతాండారు. నువ్వు లేసు పంపిస్తాండావు గదా, నీకైతే తెలుస్తాది. ఒకతూరి రా అక్కా" అంది.

నాకు తెలుస్తుందని ఆవిడ ఎందుకనుకుందో! మా కాగితాల పనంతా కాకినాడ ఏజెంటు చూస్తాడు. ఆయన పెట్టమన్న చోట నేను సంతకం పెడతాను, అంతే. వెనకటికి కస్టమ్స్‌వాళ్ళకొక కట్ట, బ్యాంకుకొక కట్ట, ఇంకోళ్ళకింకో కట్ట ఇవ్వాల్సొచ్చేది. ఇప్పుడు కంప్యూటర్లో ఒక్కచోట పెట్టేస్తే అన్ని ఆఫీసులవాళ్ళూ అందులోనే చూసుకుంటారని ఆయనే ఒకసారి చెప్పాడు. నా విద్య అక్కడితో సరి. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు "వస్తాండావు గదా" అనేసింది రత్నమ్మ. మొహమాటానికి ఊఁ అన్నాను. ఆ ఊఁ నన్ను ఎక్కడెక్కడ తిప్పిందో వినండి.

మదనపల్లె: అన్నీ సరిగ్గానే ఉన్నాయి

బస్సు అంగళ్లు అనే ఊరి దగ్గర ఆగేసరికి ఇంజనీరింగు పిల్లలు బిలబిలా ఎక్కేశారు. నా పక్కన కూచున్న టమాటా రైతు సంచిని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. మార్కెట్లో రేటెంత అన్నాను, మాట కలపాలని.

"ఏ రేటమ్మా? పొద్దన్నదా, ఇప్పటిదా?"

"రెండూ ఒకటి కావా?"

ఆయన నాకేసి జాలిగా చూశాడు. "యాడనించి వస్తాండారు మీరు?"

నరసాపురం అని చెప్పాను. ఓహో, చేపలా అన్నాడు. లేసులు అన్నాను. ఒకళ్ళ వ్యాపారం ఒకళ్ళకి అర్థం కాకుండానే మదనపల్లె వచ్చేసింది. ఎండ ఉంది కానీ మా వైపులా ఒళ్ళంతా జిడ్డు చేసే ఉక్క లేదు. దిగగానే ప్రాణం లేచొచ్చింది.

రత్నమ్మ నన్ను మొదట ఖాదర్ భాయ్ ఇంటికి వెళ్ళమంది. పొత్తులో ఆయనొకరు, చింతపండు వర్తకుడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ చొక్కా, మనిషి ఎంత నెమ్మదో గొంతు అంత పెద్దది. పొత్తు సంగతి ఆయనే విడమరిచి చెప్పాడు. రామకుప్పం పక్క పల్లెలో మునెప్ప అనే రైతు ఉన్నాడు, చెట్ల మీద కాయ ఆయనది. గింజ తీసి శుభ్రం చేసేది పుంగనూరు షెడ్డులో రత్నమ్మ మనుషులు. కొనేవాణ్ణి వెతికి బేరం కుదిర్చేది ఖాదర్ భాయ్. సరుకంతా పెట్టెల్లో సర్ది కుప్పంలో గోడౌన్లో పెట్టారు. లారీ ఎక్కించడమే తరువాయి.

"మేడమ్, మీరొచ్చినారు, ఇంక నాకు బేఫికర్, ఏ దిగులూ లేదు" అన్నాడు. ఆయన ధైర్యం చూసి నాకున్న ధైర్యం కాస్తా పోయింది.

కాగితం చూద్దామంటే ముందు తినాలన్నాడు. మా ఊళ్ళో ఇంటికెవరన్నా వస్తే మంచినీళ్ళు తాగుతారా అని అడుగుతాం. ఇక్కడ అడగడం లేదు, నేరుగా విస్తరి. వాళ్ళావిడ ఖుష్కా వడ్డించింది. అంటే ముక్కల్లేని బిరియానీ అన్నమనుకోండి. పక్కన వంకాయ పులుసు. వాళ్ళిద్దరూ తమలో తాము ఉర్దూ మాట్లాడుకుంటూ నా వైపు తిరిగి తెలుగులోకి మారుతుంటే, ఎవరికి ఏమని జవాబివ్వాలో తెలీక రెండింటికీ తల ఊపాను. దాంతో రెండోసారి వడ్డించేశారు.

తర్వాత ఫోనులో దరఖాస్తు తెరిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. సరుకు పేరు ఉంది, బరువు ఉంది, కొనేవాడి చిరునామా ఉంది, పురుగు పట్టలేదని పరీక్ష చేయించిన ధ్రువపత్రం ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడుగున మాత్రం ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. మా దగ్గరున్న వివరాలతో మీ వివరాలు కలిసిపోతున్నాయి, కనుక నిలిపివేశాం అని దాని భావం. కలిసిపోతే మంచిదే కదా! కలవకపోతే ఆపుతారు గానీ కలిస్తే ఆపడమేమిటి?

"ఏముంది మేడమ్?" అన్నాడు ఖాదర్ భాయ్ ఆశగా.

"ఉంది... చూడాలి" అన్నాను గంభీరంగా. డాక్టర్లు అలాగే అంటారు కదా. ఆ దరఖాస్తుని ఫోటో తీసుకుని, ఆ రాత్రి దాన్నే చూసి చూసి నిద్రపోయాను.

పుంగనూరు: దూడ కాదు, రెండో దరఖాస్తు

పుంగనూరులో దిగగానే పరువు పోగొట్టుకున్నాను. రత్నమ్మ ఇంటి పక్క వాకిట్లో తెల్లగా, ముద్దుగా, నా మోకాలికి కాస్త పైకొచ్చే దూడ కట్టేసి ఉంది. దూడకెన్ని నెలలమ్మా అని అడిగాను. ఆ ఇంటామె నన్ను కింద నుంచి పైదాకా చూసి "దూడ యాడిది? అది రెండు ఈతల ఆవు" అంది. పుంగనూరు ఆవు పొట్టిదని విన్నాను గానీ, మరీ ఇంతే ఉంటుందని ఎవరనుకుంటారు! రత్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఫోనులో విన్న ఏడుపు గొంతు తర్వాత ఆ నవ్వు వినడం నాకు హాయిగా అనిపించింది.

షెడ్డుకి తీసుకెళ్ళింది. లోపల పుల్లటి వాసన, నోట్లో నీళ్ళూరిపోయాయి. పీటలు వరసగా ఉన్నాయి, కాయ కొట్టే చిన్న సుత్తులు ఉన్నాయి, మనుషులే లేరు. సరుకు కదిలేదాకా కొత్త కాయ దించొద్దనుకున్నారట. ఒక్క అమ్మాయి మాత్రం మూలనున్న తన పీటని సంచిలో పెట్టుకుంటోంది. బెంగుళూరు పోయినా పీట నాదే గదక్కా అని రత్నమ్మతో అంది.

ఊరిబిండి అనే వేరుశెనగ పచ్చడీ, రాగి ముద్దా పెట్టింది. ముద్దని నమలకూడదు, మింగాలి అని తెలీక నేను నమిలాను. అది పళ్ళకి అంటుకుని నోరు పెగల్లేదు. ఆ అవస్థలో ఉండగానే రత్నమ్మ "అక్కా, ఇదో నా దరఖాస్తు" అని ఫోను చేతికిచ్చింది.

నీ దరఖాస్తు ఏమిటి, నిన్న ఖాదర్ భాయ్ చూపించాడు కదా అనబోయాను. నోట్లో ముద్ద. చూస్తే అదే సరుకు, అదే బరువు, అదే మలేషియా మనిషి. నంబరు మాత్రం వేరు, పంపినవారి పేరు దగ్గర రత్నమ్మ అని ఉంది. నా ఫోటో పక్కన పెట్టి చూశాను. మళ్ళీ చూశాను. ముద్ద మింగి నీళ్ళు తాగి, "ఇది నువ్వెందుకు పెట్టావే?" అన్నాను.

"యాల పెట్టకూడదు? పొత్తు సరుకు గదా!"

"అయితే ఆ మునెప్ప కూడా..."

"ఆయప్ప మా ఇద్దరికన్నా ముందే పెట్టినాడు!"

నా బుర్ర గిర్రున తిరిగింది. ఒకే చింతపండు, మూడు దరఖాస్తులు! పోయినేడు శిక్షణ శిబిరంలో ముగ్గురికీ ఎగుమతి నంబర్లు ఇచ్చారట, ముగ్గురూ తలా ఒక చోటనుంచి మొత్తం సరుకు నాదేనని దరఖాస్తు పంపేశారు. ఆఫీసులన్నిటికీ కళ్ళెదురుగా ఒకే తెర. అందులో అచ్చుగుద్దినట్టు మూడు. ఏది నిజమో తెలీక మూడూ ఆపేశారు. కలిసిపోతున్నాయి అంటే అదన్నమాట.

కోపమొచ్చేసింది. "ఒకరు పెడితే చాలదటే? ఒకే గిన్నెలో కూర వండాక అందరూ అందులోంచే వడ్డించుకుంటారు కదా!"

"మరి ఉప్పేసినారో లేదో ఎవురు సూస్తారు?" అంది రత్నమ్మ తడుముకోకుండా.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పొత్తు సరుకు కదిలేముందు, మూట మూతి కుట్టేముందు, పొత్తులో ఉన్న ప్రతివాళ్ళూ వచ్చి తలా ఒక గుప్పెడు తమ చేత్తో వెయ్యాలట. చెయ్యి వెయ్యడం అంటారు. ఎవరి చెయ్యి పడకపోతే వాళ్ళు సరుకులో లేనట్టే లెక్క. వాళ్ళ తాతలనాటి నుంచీ ఇంతే. ఇప్పుడు మూటల్లేవు, పెట్టెలు మిషన్లో మూసేస్తున్నారు. కాబట్టి చెయ్యి వెయ్యడమంటే దరఖాస్తు వెయ్యడమే అని ముగ్గురూ ఎవరికి వాళ్ళు అనుకున్నారు. ఒకరినొకరు అడగను కూడా లేదు. అడగడమెందుకు, అందరికీ తెలిసిందేగా!

"అయితే ఇద్దరు వెనక్కి తీసుకోండి, సరిపోయె" అన్నాను.

రత్నమ్మ మొహం మాడిపోయింది. "వేసిన చెయ్యి తీసేస్తే పొత్తు ఇడిసినట్టక్కా. నేను యాల ఇడవాల? కావాలంటే ఖాదరన్నను తియ్యమను."

ఖాదర్ భాయ్‌కి ఫోను చేశాను. మునెప్ప తీస్తే తీస్తానన్నాడు. మునెప్పకి చేశాను. ఆయన ఫోను కొండ మీదుంటే పలుకుతుంది, ఇంట్లో ఉంటే పలకదు. సాయంత్రానికి దొరికాడు. "రత్నమ్మ తియ్యనీమ్మా, నేను మాత్రం ముందు తియ్యను. కాయ నాది గదా" అన్నాడు. మా నరసాపురంలో ఇలాంటి చోట నలుగురు పెద్దమనుషులు కూచుని ఆ రోజే తేల్చేస్తారు, కొట్టుకోవడమో కలుసుకోవడమో. ఇక్కడ ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. ఒకరినొకరు పొగుడుకుంటున్నారు కూడా. కానీ ఎవరూ కదలరు! పిచ్చెక్కింది నాకు.

"రేపు అందరూ కుప్పం రండి. మొహాలు చూసుకుంటూ తేల్చుకోండి. లేదా నేను మా ఊరు పోతాను" అని ముగ్గురికీ చెప్పేశాను. ఓడకి లారీ వెళ్ళాల్సింది కూడా ఆ రేపే.

కుప్పం: ఒక్కటీ మిగల్లేదు

కుప్పంలో కాలు పెట్టగానే ఏ రాష్ట్రంలో ఉన్నానో అర్థం కాలేదు. కాఫీ హోటల్లో ఒకాయన తమిళంలో అడిగాడు, సర్వరు కన్నడంలో కేకేశాడు, బిల్లు కట్టే దగ్గర తెలుగులో చెప్పారు. కాఫీ మాత్రం అమృతం. మా వైపు కాఫీ అని ఇచ్చేది దీని ముందు కడుగునీళ్ళు.

గోడౌనుకి ఎదురుగా సుగుణ అనే ఆవిడ నెట్ సెంటరు నడుపుతోంది. మధ్యవయసు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. అందరం అక్కడ కలిశాం. ఖాదర్ భాయ్ అందరికన్నా ముందే వచ్చి కూచున్నాడు. మునెప్ప ఆలస్యంగా వచ్చాడు. రాత్రి అడివిలోంచి ఏనుగులు దిగి రాగి చేను తొక్కేశాయట. బక్కపలచటి మనిషి, కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. చేను పోయినందుకు బాధపడుతున్నాడేమో అని నేను మొహమాటపడుతుంటే, ఆయన నవ్వుతూ "అవి తినింది కొంచిమే, తొక్కిందే జాస్తి" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. దారంతా ఆలోచించుకుని తయారుచేసుకున్న ఉపన్యాసం ఉంది నా దగ్గర.

"చూడండి, ఎవరో ఇద్దరు..."

"మేడమ్, నేను తీసేసినాను" అన్నాడు ఖాదర్ భాయ్. "నిన్న మీరు అంత కోప్పడినారు గదా. పోనీలే, అన్నతో, సెల్లెమ్మతో నాకు పంతమెందుకని పొద్దన్నే మదనపల్లెలోనే తీసేసొచ్చినా."

నాకు పట్టరాని సంతోషం వేసింది. రత్నమ్మ కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"అయ్యో అన్నా! నేనూ తీసేస్తినే! అక్క నిద్రపోతాంటే బస్సుకు ముందు పోయి తీసేసినా. అక్కకు గూడా సెప్పలేదు, ఈడికొచ్చినాక సెబదామని."

ఇద్దరూ మునెప్ప వైపు తిరిగారు. ఆయన తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఏనుగులు తోలినాక రామకుప్పం పోయి నేనూ తీసేసొచ్చినప్పా" అన్నాడు.

సుగుణ కంప్యూటర్లో చూసింది. మూడూ లేవు. మూడు దరఖాస్తులతో ఆగిన సరుక్కి ఇప్పుడు ఒక్క దరఖాస్తూ లేదు! ముగ్గురూ ఒకరి త్యాగానికి ఒకరు కరిగిపోయి నమస్కారాలు పెట్టుకుంటున్నారు. నేను కుర్చీలో కూలబడ్డాను. నిన్నటిదాకా ఒక్కరూ తియ్యనన్నారు, ఇవాళ ఎవరూ ఉంచలేదు. ఈ మనుషుల్ని ఏం చెయ్యాలి?

"లారీ మద్యాన్నానికి పోవాల" గుర్తుచేసింది సుగుణ. "కొత్తది ఏద్దాం. ఎవురి పేరు?"

ముగ్గురూ పక్కవాళ్ళ వైపు చెయ్యి చూపించారు.

"రత్నమ్మ పేరుతో ఎయ్యి" అన్నాడు ఖాదర్ భాయ్.

"నాది వద్దన్నా" రత్నమ్మ వెనక్కి జరిగింది. "సరుకు తిరిగొస్తే ఊరంతా నన్నే అంటారు. ఆడది తగుదునమ్మా అని పేరు ఏసుకునింది సూడు అంటారు. నీ పేరుతో వెయ్యి, నువ్వు పెద్దోడివి."

"నా పేరు పడితే ఖాదరు మొత్తం మింగేసినాడంటారు. వర్తకుడి మాట ఎవరు నమ్ముతారమ్మా? మునెప్పన్నా, నీదే ఎయ్యి."

"నా పేరు ఏసి ఏం లాభం? ఏమైనా అడిగితే నేను కొండెక్కి జవాబు సెప్పాల" అన్నాడు మునెప్ప.

మళ్ళీ మొదటికొచ్చింది. ఇంక నా నోరు ఆగలేదు. "మీరు మంచివాళ్ళే! బంగారాలే! కానీ మీ మంచితనంతో ఆ చింతపండు నల్లబడిపోతుంది. అక్కడ పుంగనూరులో ఆ పిల్ల పీట సంచిలో పెట్టుకుంది, నేను చూశాను. ముగ్గురి పేర్లు పట్టే గడి ఇందులో లేదు. ఒక్కటే పడుతుంది. ఎవరో ఒకరి పేరు పడనివ్వండి, లేదా ఇప్పుడే అందరూ కలిసి నన్ను బస్సెక్కించండి!" అని అరిచేశాను. పరాయి ఊళ్ళో, పరాయివాళ్ళ మీద. తర్వాత సిగ్గేసింది.

మునెప్ప తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"నా చెట్టుకాడ అది వట్టి కాయ. ఖాదరు నోట్లో అది వట్టి మాట. దాన్ని పండు చేసింది ఆ షెడ్డులో ఆడోళ్లు. అడిగేవాళ్లు అడిగినా, రత్నమ్మే గదా సెప్పగలిగేది, ఎట్ల తీసినాము, ఎట్ల ఆరబెట్టినాము అని. తిరిగొస్తే ముగ్గురం కలిసి ఏడాదంతా పులుసు తిందాం, ఏమిప్పుడు?"

రత్నమ్మ నా పక్కకి జరిగింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. "భయమైతాంది అక్కా" అంది నాతో, గుసగుసగా. నాకూ భయంగానే ఉంది, కానీ చెప్పలేదు. భుజం మీద చెయ్యేశాను. సుగుణ టైపు చేసింది, రత్నమ్మ ఒక్కో ముక్కా చదివి, ఔను ఔను అంటూ, చివర్లో తనే నొక్కింది.

తర్వాత ఎదురుచూపు. ముగ్గురూ ఇడ్లీలు తిన్నారు, నేనూ తిన్నాను. మునెప్ప అక్కడే బెంచీ మీద నిద్రపోయాడు. మధ్యలో ఆఫీసులవాళ్ళు ఏదో అడిగారు, ఎక్కడ ఆరబెట్టారు అని కాబోలు. రత్నమ్మ గడగడా చెబుతుంటే సుగుణ రాసింది. ఎవరు అడిగారో, కస్టమ్సో, పురుగుల ఆఫీసో, తిండి సరుకు ఆఫీసో నాకు ఇప్పటికీ తెలీదు. మధ్యాహ్నం దాటబోతుండగా రత్నమ్మ ఫోను టింగుమంది. సరుకు పంపుకోవచ్చు అని వచ్చింది. ఆవిడ ఫోనుకే వచ్చింది. తక్కిన ఇద్దరూ తమ ఫోన్లు తీసి చూసుకుని, ఏమీ లేక మళ్ళీ జేబుల్లో పెట్టుకున్నారు.

సుగుణ ప్రింటు తీసి, అలవాటుగా, "మూడు కాపీలు తియ్యనా?" అంది.

మునెప్ప చెయ్యి చాచబోయాడు. ఖాదర్ భాయ్ ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు.

"వద్దులేన్నా. ఒకటి చాలు, రత్నమ్మ కాడ ఉండనీ. ఇన్నాళ్లూ నా కాయితం నా జేబులో, నీ కాయితం నీ జేబులో, భయం గూడా ఎవరిది వాళ్ల జేబులోనే. ఇప్పుడు నా కాడ ఒక్క ముక్క లేదు. నిజంగా పొత్తు కలిసింది ఈ పొద్దేనేమో అనిపిస్తాంది నాకు."

మునెప్ప తల ఊపాడు. రత్నమ్మ ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. బయట లారీకి తాళ్ళు బిగిస్తున్నారు. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, కళ్ళు కొంగుతో ఒత్తుకుని, పుంగనూరుకి ఫోను కలిపింది.

"ఏమ్మే, పీట సంచిలోంచి బయటికి తియ్యి. బెంగుళూరు లేదు, గింగుళూరు లేదు. రేపు పొద్దన్నే అందరూ షెడ్డుకు రాండి."